బాపును తల్చుకుంటాం సరే, మన మొగం ఎవురు గీస్తారు?

ఆగస్టు 31 వస్తే సాలు, ఫోన్ల నిండా బాపు బొమ్మలే. వాలుజడ, పెద్ద కండ్లు, నడుం మీద చెయ్యి, పక్కన ముగ్గు. కింద చేతులు జోడించిన గుర్తు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే స్టేటస్ పోతాది, దాంతోపాటే సంతాపమూ పోతాది. స్టేటస్ పెట్టేటోళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ పెడతా. కాకపోతే ఒక బొమ్మలాయన పోతే జనం ఏం పోగొట్టుకుంటారో, ఆయన్ని తల్చుకోవడమంటే ఏం చెయ్యల్లో ఒకసారి కూర్చోని మాట్లాడుకోవాల్సిన పనుండాది. అదీ మన పామిడి కాడ, ఎండిన పెన్న ఒడ్డున నిలబడి మాట్లాడుకోవల్ల. ఎందుకంటే ఈ సంతాపంలో మన వాటా కొంచెం వేరే.

మొదట ఆయప్ప ఎవురో తెలుసుకుందాం. మన వయసు పిల్లోళ్లకు బాపు అంటే 2013లో వచ్చిన పవన్ కల్యాణ్ సినిమాలో ఒక పాట. అందమైన పిల్ల కనపడితే వాడే మాట. ఆ మాట వెనకాల ఒక మనిషి ఉండాడని, అరవై ఏండ్లకు దగ్గర్దగ్గర చెయ్యి ఆపకుండా గీసినాడని శానామందికి తెలీదు.

అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబర్ 15న పశ్చిమ గోదావరి నరసాపురంలో పుట్టినాడు. మద్రాసులో లా చదివినాడు గాని నల్లకోటు కంటే కుంచెనే నమ్ముకున్నాడు. ఆంధ్రపత్రికలో కార్టూన్లేసినాడు. స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణ రాస్తాంటే ఈయన గీస్తాండె. బుడుగు అట్లనే పుట్టినాడు. కథలకు బొమ్మలు, నవలలకు అట్టలు, పండగ సంచికలకు ముఖచిత్రాలు, రామాయణం బొమ్మలు గీసినాడు. 1967లో 'సాక్షి'తో సినిమాల్లోకి వచ్చినాడు. 1975లో 'ముత్యాల ముగ్గు', ఆఖరున 2011లో 'శ్రీరామరాజ్యం'. అదే 2011 ఫిబ్రవరిలో రమణ పోయినాడు. 2013లో బాపుకు పద్మశ్రీ ఇచ్చినారు. 2014 ఆగస్టు 31న చెన్నైలో ఆయనా పోయినాడు. అప్పటికి 80 ఏండ్లు.

ఇంగొకటి గమనించండి. ఆయన చేతిరాత కంప్యూటర్ అక్షరాలైపోయింది. మన ఊర్లో పెండ్లి పత్రిక మీద, షాపు బ్యానర్ మీద కొంచెం వంపు తిరిగి ఒయ్యారంగా ఉండే ఆ తెలుగు అక్షరం ఎవుని చెయ్యో అడిగితే డీటీపీ చేసే పిల్లోడు గూడా 'అది ఫాంట్ అన్నా' అంటాడు. మనిషి చెయ్యి ఫాంట్ అయినాక మనిషి పేరు రాలిపోయింది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని కాడికి వస్తాం.

గోదారి ఉండాది, పెన్న లేదు

చిన్నప్పుడు మా ఊర్లో కటింగ్ షాపులో పాత వారపత్రికలు ఉంటాండె. మన వంతు వచ్చేదాకా బొమ్మలు చూసుకుంటా కూర్చునేది. కథ సదివినా సదవకున్నా బొమ్మ మటుకు చూసేది. ఒక పల్చటి గీత, దాంట్లోనే సిగ్గూ కోపమూ ఎగతాళీ అన్నీ. రెండు గీతల్లో ఒక ముసలాయన్ని లేపి నిలబెట్టే శక్తి ఆ చేతిలో ఉండాది. ఇష్టపడకుండా ఉండలేం.

ఇష్టపడతానే ఒక మాట చెప్పల్ల. ఆ బొమ్మల్లో మన ఊరు లేదు. గోదారి ఉండాది, పడవ ఉండాది, కొబ్బరి చెట్టు ఉండాది, అరిటాకు ఉండాది. నీళ్లున్న ఊరి అందం అది. శెనక్కాయ చేన్లో వంగి కలుపు తీసే ఆడమనిషి, ఎండకు కండ్లు చిట్లించుకున్న మొగం, ట్యాంకర్ కాడ బిందెల వరస, బెంగళూరు బస్సుకు మూట నెత్తినబెట్టుకోని నిలబడిన అన్న... వీళ్లు ఆ గీతలోకి రాలేదు.

దీన్ని బాపు మీద ఫిర్యాదుగా చెప్పడం లేదప్పా. ఆయన తన ఊరు గీసుకున్నాడు. 'సాక్షి' సినిమాను గోదారి ఒడ్డున పులిదిండిలో తీసినాడు. తన నీళ్లు, తన మనుషులు, తన యాస. అదే ఆయన గొప్పతనం. తన ఊరిని అంత ప్రేమగా గీసినందుకే తెలుగోళ్లందరికీ అది సొంత ఊరి మాదిరి అనిపించింది. ఆయన కాడ మనం నేర్చుకోవాల్సింది వాలుజడ గీయడం కాదు. తన ఊరిని చూసే చూపు.

తెలంగాణ వైపు చూడండి. సిద్దిపేట కాపు రాజయ్య గారు బోనాలు, బతుకమ్మ, పల్లె జనాన్ని గీసినాడు. 2012 ఆగస్టులో పోయినాడు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో నల్లటి మొగం మీద పెద్ద బొట్టు, రంగుల చీర. చూస్తానే ఇది తెలంగాణ ఆడమనిషి అని చెప్పొచ్చు. వరంగల్ వైపు నుంచి వచ్చిన చంద్ర గారు వేలకొద్దీ కథలకు బొమ్మలేసి 2021 ఏప్రిల్‌లో పోయినాడు. ఆ ప్రాంతం తన మొగాన్ని తానే గీసుకునింది. రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు పాట ఎంత పని చేసిందో, ఆ మొగమూ అంత పని చేసింది. 'మేం ఇట్లుంటాం' అని చెప్పేదానికి వాళ్ల కాడ బొమ్మ ఉండాది.

మన కాడ ఏముండాది? బయటోళ్ల మనసులో సీమ బొమ్మ ఎవురు గీసినారు? సినిమా గీసింది. తెల్ల చొక్కా, మీసం, సుమో బండ్ల వరస, నాటు బాంబు. హైదరాబాదులో రూము కోసం పోయి అనంతపురం అంటే 'అమ్మో, మీరు బాంబులేస్తారా' అని నవ్వేటోళ్లు మీకూ తగిలింటారు. మనల్ని మనం గీసుకోకపోతే ఇంగొకరు గీస్తారు. వాళ్లకు ఎట్ల అమ్ముడుపోతాదో అట్ల గీస్తారు. బొమ్మ అంటే గోడకు తగిలించుకునే అలంకారం అనుకుంటాం. నీకు రూము దొరకడం దొరక్కపోవడం కాడికి గూడా వస్తాది అది.

కథలో మన కరువుకు చోటు దొరికింది. సింగమనేని నారాయణ సారు మాదిరోళ్లు సేద్యగాని బాధను మన యాసలోనే రాసినారు. 2021 ఫిబ్రవరిలో ఆయనా పోయినాడు. ఆయన కథ సదివితే అనంతపురం కనపడతాది. అంత బలంగా గీతలో కనపడే అనంతపురం ఇంగా రావల్ల.

పత్రిక పోయింది, గోడ పోయింది

బాపు ఒక్కడు పోలేదు. ఆయన్ని మన దాకా మోసుకొచ్చిన బండి గూడా పోయింది. ఆయన పేరు తెచ్చుకున్న ఆంధ్రపత్రిక 1991లోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఒకటొకటిగా వారపత్రికలు సన్నబడినాయి. కరోనా కాలంలో కొన్ని అచ్చే ఆపేసినాయి. కథకు బొమ్మ వేయించేది, వారం వారం లెక్క ఇచ్చేది ఆ పత్రికలే. అవి లేకపోతే కొత్త బొమ్మలాయనకు పని ఎవురిస్తారు?

రెండో బండి గోడ. ఈడ ఆర్టిస్ట్ మోహన్ గారిని తల్చుకోవల్ల. ఆయన 2017 సెప్టెంబర్ 21న హైదరాబాదులో పోయినాడు. విశాలాంధ్ర, ఆంధ్రప్రభ, ఉదయం పత్రికల్లో పనిచేసినాడు, రాజకీయ కార్టూన్లేసినాడు. ఉద్యమాల పోస్టర్లకు, పుస్తకాల అట్టలకు ఆయన గీత లేని చోటు తక్కువ. తన రూములో కుర్రోళ్లను కూర్చోబెట్టుకోని గీత నేర్పినాడు. బాపు గీత ఇంట్లోకి వచ్చి కూర్చునింది, మోహన్ గీత వీధిలో జెండా పట్టుకోని నిలబడింది. రెండూ మనకు కావల్ల.

మన ఊర్లో గోడ మీద, రేకు మీద గీసేటోళ్లు బోర్డులు రాసే ఆయప్పలు. పామిడి బట్టల ఊరు. నైటీలు, లంగాలు కుట్టి దూరం దూరం పంపిస్తారు. ఒకప్పుడు ప్రతి అంగడి మీద చేతిరాత బోర్డు ఉంటాండె. ఎనామిల్ పెయింటు, పందెం వేసినట్టు తిన్నగా గీసిన లైను, అక్షరం కింద నీడ. పక్కన చీర కట్టుకున్న ఒక బొమ్మ. ఆ బొమ్మ మొగం బాపుదీ కాదు, సినిమాదీ కాదు. మా బోర్డాయప్ప తన ఇంట్లో చూసిన మొగం అది. ఒక రకంగా మన ఊరి మొగం గీసినోడు ఆయనే. ఎవురూ చిత్రకారుడు అనలేదు, 'పెయింటర్' అన్నారు. గోడకు సున్నం కొట్టే మనిషిని, గోడ మీద మనిషిని గీసే మనిషిని ఒకే పేరుతో పిలిచినాం.

ఫ్లెక్స్ వచ్చింది. ఒక పూటలో అచ్చవుతాది, ధర తక్కువ, నాయకుని ఫొటో నిలువెత్తు పడతాది. బోర్డాయప్ప కొందరు ఇంటి పెయింటింగ్‌కు పోయినారు, కొందరు ఫ్లెక్స్ అంగట్లోనే కూలికి చేరినారు, కొందరు బెంగళూరు పోయినారు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సులు నిషేధిస్తామని, బట్ట బ్యానర్లే కట్టల్లని చెప్పినాడు. తర్వాత గడువును 2023 జనవరి 26కు జరిపినారు. చేతి పని మళ్లా లేస్తాదేమో అని ఆశపడినోళ్లు ఉండారు. ఇప్పుడు హైవే మీద గుత్తి నుంచి అనంతపురం దాకా బండ్లో పోయి చూడండి, ఏ పార్టీ వాళ్ల ఫ్లెక్సులు లేవో చెప్పండి. పుట్టినరోజుకు ఫ్లెక్స్, జాతరకు ఫ్లెక్స్, చావుకు ఫ్లెక్స్. బాపు వర్ధంతికి గూడా ఫ్లెక్సే కడతాం. ఇంతకంటే పెద్ద ఎగతాళి ఆయన కార్టూన్లో గూడా వేసిండడు.

చచ్చినాయన చెయ్యి మిషన్ పట్టుకునింది

ఇప్పుడు మూడో సంగతి. 2025 మార్చిలో అందరూ తమ ఫొటోల్ని జపాన్ వాళ్ల జిబ్లీ బొమ్మల మాదిరి మార్చుకున్నారు, గుర్తుండాదా? మీరూ మార్చుకున్నింటారు. ఆ స్టూడియో పెద్దాయప్ప హయావో మియజాకి. కంప్యూటర్ తయారుచేసిన ఒక బొమ్మ కదలికను ఆయనకు చూపిస్తే, ఇది ప్రాణానికే అవమానం అనే అర్థం వచ్చేటట్టు కోప్పడినాడు. అది 2016 నాటి డాక్యుమెంటరీలో ఉండాది. తొమ్మిదేండ్లకు ఆయన బతికుండంగనే ఆయన గీతే లోకమంతా ఫిల్టర్ అయ్యింది.

'బాపు స్టైల్లో గీయి' అని టైపు చేస్తే మిషన్ ఏదో ఒకటి ఇస్తాది. కండ్లు పెద్దగా పెడతాది, జడ పొడుగ్గా పెడతాది. చట్టం ఏం చెప్తాదో తెలుసుకోండి. మన దేశంలో కాపీరైటు బొమ్మ గీసినాయన బతికినన్నాళ్లు, ఆయన పోయిన మరుసటి ఏడు నుంచి ఇంగో 60 ఏండ్లు ఉంటాది. ఆ లెక్కన బాపు బొమ్మల మీద ఆయన వారసులకో, హక్కు కొనుక్కున్న వాళ్లకో 2074 ఆఖరు దాకా హక్కుండాది. ఆ హక్కు గీసిన బొమ్మకే. గీసే తీరుకు, అంటే స్టైలుకు, కాపీరైటు లేదు. పాతకాలం నుంచి అది సరైన సూత్రమే. లేకపోతే గురువు చేతిని చూసి శిష్యుడు నేర్చుకునేది ఎట్ల? మోహన్ రూములో కుర్రోళ్లు నేర్చుకున్నదీ అట్లనే. అయితే శిష్యుడు పదేండ్లు నేర్చుకోని, ఆఖరికి గురువు మాదిరి గీయడం మానేసి తన మాదిరి గీస్తాడు. మిషన్‌కు 'తన మాదిరి' అనేది లేదు. పోయినాయన చేతిని తిప్పి తిప్పి అచ్చేస్తాది.

మన సీమకు దీంట్లో ఇంగో దెబ్బ ఉండాది. మిషన్ ఇంతవరకు ఉన్న బొమ్మల్ని చూసి నేర్చుకుంటాది. గోదారి బొమ్మలు వేలకొద్దీ ఉండాయి. సుమోలు, బాంబులు సినిమాల నిండా ఉండాయి. శెనక్కాయ చేను, పెన్న ఇసుక, మన జేజి మొగం ఎన్ని ఉండాయి? లేని దాన్ని మిషన్ గీయలేదు. 'రాయలసీమ ఆడమనిషి' అని అడిగితే ఇంగో యాటి మొగానికో చీర చుట్టి ఇస్తాది. ఎవురూ గీయని జనం రేపు మిషన్ కండ్లకూ ఆనరు.

ఏడ్చేది ఎట్లనో రాజమండ్రి చెప్తాది

నూరేండ్ల కింద సంగతి చెప్తా. దామెర్ల రామారావు అని రాజమండ్రి పిల్లోడు. 1897లో పుట్టినాడు. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే తెల్లదొర ఆయన చెయ్యి గుర్తించి బొంబాయి జేజే స్కూల్‌లో చదివేదానికి సాయం చేసినాడు. తిరిగొచ్చి రాజమండ్రిలో బొమ్మల బడి పెట్టినాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి తగిలి పోయినాడు. 28 ఏండ్లు గూడా నిండలేదు.

ఆ చావుకు ఆయన మనుషులు ఏం చేసినారో చూడండి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గూడా కుంచె పట్టినోళ్లే. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని మోసినాడు, బొమ్మల్ని ఒక్కచోట చేర్చి కాపాడినాడు. రాజమండ్రిలో దామెర్ల పేరుతో గ్యాలరీ ఇప్పటికీ ఉండాది. చచ్చిపోయి నూరేండ్లైనా ఆయప్ప బొమ్మ ముందర నిలబడి చూడొచ్చు. సంతాపం అంటే అది. వాళ్లు ఏడ్చి ఊరుకోలేదు, పోయినాయన పనిని నెత్తిన పెట్టుకున్నారు.

మన వైపు రండి. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దం బొమ్మలు ఉండాయి. ఆ చీరల అంచులు చూసి ఇప్పటికీ డిజైన్లు నేస్తారు. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు అందరికీ తెలుసు. బొమ్మలు గీసినోళ్ల పేరు ఒక్కటైనా తెలుసా? లెక్క పెట్టినాయన పేరు నిలిచింది, చెయ్యి పెట్టినాయన పేరు పోయింది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలును గాజు మాదిరి పల్చగా చేసి బొమ్మలు గీసేటోళ్లు ఉండారు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే జీఐ గుర్తింపు గూడా వచ్చింది. మన జిల్లా పిల్లోళ్లలో ఎంతమంది ఆ ఊరికి పోయినారు? బస్సెక్కితే ఒక పూట పని. బతికున్నప్పుడు చూడకుండా, పోయినాక స్టేటస్ పెడితే ఆ దండం ఎవురికి?

మనం చెయ్యగలిగేటివి

పెద్ద పెద్ద డిమాండ్లు రాసి చేతులు దులుపుకునేది నాకు ఇష్టం లేదు. ఫోన్ చేతిలో ఉన్న పిల్లోళ్లు చేసేటివే చెప్తా.

ఒకటి. బొమ్మ పంపిస్తే పేరు రాయండి. ఎవురి బొమ్మో తెలీకపోతే కనుక్కోని రాయండి. మన కాపీరైటు చట్టంలో గూడా 'ఇది నాది' అని చెప్పుకునే హక్కు గీసినాయనకు వేరేగా ఉండాది. చేతిరాత ఫాంట్ అయ్యి పేరు రాలిపోయిన సంగతి చెప్పినా కదా, ఇంగొకరికి అట్ల కాకూడదు.

రెండు. మీ ఊర్లో చేతిరాత బోర్డులు, ఎద్దులబండి మీద రంగులు, గుడి గోడ మీద, పాత బస్టాండు గోడ మీద బొమ్మలు ఇంగా మిగిలింటే ఫొటో తీసి పెట్టండి. ఏ ఊరు, ఎవురు గీసినారు, ఎప్పుడు, అన్నీ రాసిపెట్టండి. బోర్డాయప్ప కాడ గంట కూర్చోని రంగు ఎట్ల కలుపుతాడో, లైను ఎట్ల కొడతాడో ఆయన నోటితోనే రికార్డు చెయ్యండి. చెయ్యి వణికేలోపల చెయ్యల్ల ఆ పని.

మూడు. పనికి లెక్క ఇయ్యండి. అంగడి పెడతాంటే ఒక్క బోర్డన్నా చేత్తో రాయించండి. జాతరకు పది ఫ్లెక్సులు కట్టే యువజన సంఘం ఒక గోడ రాయిస్తే ఏం పోతాది? బడి గోడ మీద విదేశీ కార్టూన్ బొమ్మకు బదులు ఊరి పెన్న, ఊరి చింతమాను గీయమని పంచాయతీలో అడగండి. మీ హైస్కూల్లో డ్రాయింగ్ సారు ఉండాడా లేడా, లేకపోతే ఆ పోస్టు ఏమైందో అడగండి. అడిగేదానికి ఓటుండాది, ఫోనుండాది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. గీసే చెయ్యి ఉన్న తమ్ముడూ, చెల్లీ, బాపును కాపీ కొట్టి లైకులు తెచ్చుకునేది ఒక మెట్టు. ఆడనే ఆగొద్దు. మీ జేజిని కూర్చోబెట్టి గీయండి. ఆమె చెవి తమ్మె ఎంత సాగిందో, చేతి మీద పచ్చబొట్టు ఏముండాదో చూడండి. నైటీలు కుట్టే మిషన్ మీద వంగిన మెడ గీయండి. వాన కోసం పైకి చూసే మొగం గీయండి. అది అందంగా ఉంటాదా అని అనుమానం వస్తాది. గోదారి పిల్ల గూడా ఒకాయన ప్రేమగా చూసి గీసినంకనే 'బాపు బొమ్మ' అయ్యింది.

బాపు పోయి పదేండ్లు దాటింది. తన ఊరికి ఒక మొగం ఇచ్చి పోయినాడు ఆయప్ప. మన ఊరి మొగం ఇంగా తెల్లకాగితం మాదిరే ఉండాది. వచ్చే ఆగస్టు 31కి ఆయన బొమ్మ పక్కన మీరు గీసిన బొమ్మ ఒకటి పెట్టండి. కింద మీ పేరు రాయండి, ఊరి పేరు గూడా రాయండి.